గుజరాతీ మనది, బర్మా భాష పరాయిది అనే ముందు

క్రిందటి శ్రావణంలో మా గృహప్రవేశానికి ఇద్దరు పెద్దవాళ్ళు వచ్చారు. ఒకరు మా అమ్మ. పెళ్ళయిన ఏడాదికే కరీంనగర్ జిల్లా నుంచి సూరత్‌కు వెళ్ళి, మరమగ్గాల మధ్య లింబాయత్‌లో నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి. రెండవవారు మా ఆవిడకు అమ్మమ్మ. రంగూన్‌లో పుట్టి పెరిగి, 1965లో పిల్లలతో ఓడ ఎక్కి తిరిగివచ్చి, విశాఖలో కంచరపాలెం వైపు బర్మా క్యాంపులో స్థిరపడ్డారు. ఆవిడ ఇప్పటికీ రంగూన్ అనరు, ఉత్తరాంధ్ర పాతతరం వాళ్ళ అలవాటు చొప్పున ‘రంగం’ అంటారు. భోజనాలయ్యాక అమ్మ సూరత్‌లోని పక్కింటావిడతో ఫోనులో గుజరాతీ మాట్లాడుతుంటే విన్న బంధువు ఒకాయన, “ఎంతైనా గుజరాతీ మన భాషేనండీ, వింటుంటే సగం తెలిసిపోతుంది. అదే బర్మా భాష అయితే చైనా వాళ్ళ తరహా, దానికీ మనకూ సంబంధమే లేదు” అన్నారు. పక్కన కూర్చున్న అమ్మమ్మ గారు ఏమీ అనలేదు.

ఆయన తప్పుడు ఉద్దేశంతో అన్న మాట కాదది. మనలో చాలామంది అలాగే అనుకుంటారు. నాకు గుజరాతీ చిన్నప్పటినుంచీ వచ్చు. బర్మా భాష నాకు రాదని చెప్పడమే నిజాయితీ. ఐదారేళ్ళుగా సెలవులకు విశాఖ వెళ్ళినప్పుడల్లా అమ్మమ్మ గారి దగ్గర కూర్చుని, ఒక వ్యాకరణ పుస్తకం పక్కన పెట్టుకుని, కొంత నేర్చుకున్నాను. ఆ కొంతలోనే ఆయన మాట నిలవదని నాకు తెలిసింది. గుజరాతీతో మనకు ఉన్నది మాటల చుట్టరికం. బర్మా భాషతో మనకు ఉన్నది వాక్యపు పోలిక. మొదటిదాన్ని మాత్రమే దగ్గరతనంగా లెక్కపెట్టి, రెండవదాన్ని లెక్కలోకే తీసుకోకపోవడం సరికాదన్నది నా అభిప్రాయం. దానిమీద నాకున్న సందేహాలను కూడా దాచకుండా ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, కుటుంబాల లెక్కతోనే చూసినా బంధువుగారి మాట నిలబడదు. గుజరాతీ ఇండో ఆర్య భాష, బర్మా భాష చీనా టిబెటన్ కుటుంబానికి చెందినది, మనది ద్రావిడం. బర్మాలో మూడును ‘తోన్’ అని, ఐదును ‘ఙా’ అని అంటారు. టిబెటన్లు వాటినే ‘గ్సుమ్’, ‘ల్ఙ’ అని రాస్తారు. గుజరాతీలో మూడు ‘త్రణ్’, దాని తోబుట్టువులు యూరప్ దాకా ఉన్నాయి. మన ‘మూడు’కు ఈ రెండిళ్ళలోనూ తోబుట్టువు లేదు. పుట్టుకను బట్టి చూస్తే గుజరాతీ మనకు ఎంత పరాయిదో బర్మా భాష కూడా అంతే పరాయిది. కాబట్టి సగం తెలిసినట్టు ఆయనకు అనిపించడానికి కారణం మరెక్కడో ఉంది.

సగం తెలిసినట్టు అనిపించే మాటలు

ఆ కారణం సంస్కృతం. గుజరాతీలోకీ తెలుగులోకీ ఒకే కొట్టులోంచి సరుకు వచ్చింది కాబట్టి, ‘పుస్తక్’, ‘భాషా’, ‘సమాచార్’ వంటి మాటలు చెవిన పడగానే మనకు ధైర్యం వస్తుంది. ఆ ధైర్యం ఎంత ప్రమాదకరమో మా అమ్మకు సూరత్ వెళ్ళిన మొదటి నెలలోనే తెలిసింది. గుమ్మంలో కూర్చుని ఉంటే పక్కింటావిడ వచ్చి “శుఁ విచార్ కరో ఛో?” అని అడిగింది. ఏమిటి ఆలోచిస్తున్నారని ఆవిడ అడిగిన ప్రశ్నను, ఎందుకు విచారిస్తున్నారని అమ్మ అర్థం చేసుకుని, అక్కడి వాళ్ళకు తన మొహంలో ఏదో దుఃఖం కనిపించిందని నాలుగు రోజులు మథనపడింది. గుజరాతీలో ‘విచార్’ అంటే ఆలోచన, ‘అనుమాన్’ అంటే అంచనా, ‘అవసర్’ అంటే శుభసందర్భం, ‘వ్యవసాయ్’ అంటే వృత్తి. మనకు విచారం దుఃఖమైంది, అనుమానం శంకయింది, అవసరం అక్కరయింది, వ్యవసాయం సేద్యమైంది. ఒకే మాట రెండు ఊళ్ళలో రెండు బతుకులు బతికింది.

ఈ సరుకు బర్మాకు కూడా చేరింది. అది సంస్కృతం దారిన తక్కువ, బౌద్ధంతో పాటు పాళీ దారిన ఎక్కువ చేరింది. విశ్వవిద్యాలయాన్ని బర్మాలో ‘తెక్కతో’ అంటారు. అది ‘తక్కసిల’, అంటే మన పాఠాల్లో చదువుకున్న తక్షశిల. ఒక ఊరి పేరును చదువుకునే చోటు అనే అర్థానికి స్థిరం చేసి, ఈనాటి ప్రతి యూనివర్సిటీ బోర్డు మీదా రాసుకున్న భాష అది. దేశాధ్యక్షుణ్ణి ‘తమ్మద’ అంటారు; జనం సమ్మతించి ఎన్నుకున్న తొలి రాజు ‘మహాసమ్మత’ కథలోంచి వచ్చిన మాట. పూర్వ చరిత్ర గ్రంథాన్ని ‘యాజవిన్’ అంటారు, అంటే రాజవంశం. ‘ధాతు’ అనే మాటను వాళ్ళు వాడుకున్న తీరు నాకు మరీ ఇష్టం. గుజరాతీలో ధాతు అంటే లోహం. బర్మాలో ఫొటోను ‘దాత్‌పోన్’ అంటారు, పెట్రోలును ‘దాత్‌సీ’ అంటారు. ఒకటి ధాతువుతో తీసిన బొమ్మ, ఒకటి ధాతువున్న నూనె. అమ్మమ్మ గారు తన పెళ్ళినాటి ఫొటో చూపిస్తూ దాత్‌పోన్ అన్నప్పుడు, అందులో మన ధాతువు ఉందని చెబితే ఆవిడ నమ్మలేదు.

యంత్రానికి గుజరాతీలో ‘సంచో’ అంటారు. సిరిసిల్లలో మా వాళ్ళు మరమగ్గాన్ని ‘సాంచా’ అంటారు. బర్మాలో యంత్రం ‘సెక్’, అది పాళీ ‘చక్క’, అంటే చక్రం. మాటల జాబితా పట్టుకుని కూర్చుంటే గుజరాతీ పక్కనే బర్మా భాషకు కూడా మనం చోటు వెయ్యవలసి వస్తుంది. అక్కడ మాటల రూపు ఎక్కువగా అరిగిపోయి పైకి కనబడదు, ఇక్కడ కనబడుతుంది, తేడా అంతవరకే.

గొంతు చేసే పని

బర్మా భాష మనకు పరాయిదిగా తోచడానికి అసలు కారణం దాని స్వరాలు. అమ్మమ్మ గారు నాకు మొదటిరోజు నేర్పినవి మూడు ‘లా’లు. గొంతు బిగించి, చటుక్కున తెంపేస్తే చందమామ, లేదా నెల. కింది స్థాయిలో సాగదీస్తే రావడం. పైనుంచి నిండుగా దిగితే ప్రశ్న చివర తగిలించే ముక్క, మనం ‘వచ్చాడా’ అని దీర్ఘం తీసినట్టు. నేను మూడింటినీ ఒకేలా పలికాను. ఆవిడ తన గొంతు మీద నా వేళ్ళు పెట్టించి, మొదటి లా పలికేటప్పుడు లోపల ఏదో పట్టుకున్నట్టయ్యే కదలికను చూపించారు. అది శ్రుతికి సంబంధించిన విషయం మాత్రమే కాదని, గొంతు బిగింపు కూడా అందులో భాగమని నాకు అప్పుడు అర్థమైంది.

అర్థం కాగానే గుర్తుకొచ్చింది మా సూరత్ ఖాతా, అంటే మగ్గాల షెడ్డు. నాకు పదేళ్ళప్పుడు వేసవి సెలవుల్లో నాన్నకు సాయంగా వెళ్ళేవాణ్ణి. ఒకరోజు సేఠ్ “బార్ తాకా బ్‌హార్ మూక్” అన్నారు. తాకా అంటే గుడ్డ థాను. పన్నెండు తాకాలు బయట పెట్టమని ఆయన అన్నది. గుజరాతీలో పన్నెండు ‘బార్’. బయట అనే మాటను ‘బహార్’ అని రాస్తారు గాని, పలికేటప్పుడు మధ్య హకారం కరిగిపోయి, దాని ఊపిరి అచ్చులో కలిసిపోతుంది. గాలి వదులుతూ పలికిన ‘బార్’ అవుతుంది. నాకు రెండుసార్లు పన్నెండే వినిపించింది. ఇరవై నాలుగు తాకాలు కావాలేమోనని, అవి ఎక్కడ పెట్టాలో తెలియక మోసుకుని నిలబడ్డాను. ఆ ఊపిరిని నా చెవి పట్టుకోవడానికి మరో ఏడాది పట్టింది.

బర్మా గొంతు బిగిస్తుంది, గుజరాతీ గొంతు వదులు చేస్తుంది. అర్థం మార్చడానికి రెండూ గొంతునే వాడుకుంటాయి. తెలుగు ఆ పని చెయ్యదు. మరో సంగతి కూడా ఉంది. గుజరాతీలో ఊపిరి అచ్చు పుట్టింది ఒక హకారం పోవడం వల్ల. బర్మాలో ఠక్కున ఆగిపోయే స్వరం పుట్టింది మాట చివరి క, చ, త, ప హల్లులు పోవడం వల్ల. ఎనిమిదిని బర్మాలో ‘షి’ అని సగంలో కోసేసినట్టు పలుకుతారు, రాసేటప్పుడు మాత్రం మొదట ర, చివర చ ఉంటాయి. గుజరాతీ రాతలో హకారం నిలిచి ఉన్నట్టే, అక్కడ రాతలో చకారం నిలిచి ఉంది. నోరు వదిలేసినదాన్ని రెండింటి లిపులూ కాపాడుతున్నాయి. ఇక్కడ ఆ రెండూ ఒకవైపు, మనం మరోవైపు.

వాక్యం లోపలికి వెళ్తే

బంధువుగారికి నేను చెప్పాలనుకున్న అసలు విషయం ఇది. ‘వస్తానని చెప్పాడు’ అనే తెలుగు వాక్యం తీసుకుందాం. గుజరాతీలో ఇది “తేణే కహ్యుఁ కే హుఁ ఆవీశ్” అవుతుంది. అతడు చెప్పాడు, తరువాత ‘కే’, ఆ తరువాత నేను వస్తాను. తెలుగువాడికి ఇది తల్లకిందులు. బర్మాలో “లామెలో ప్యోదె”. ‘లా’ రావడం, ‘మె’ జరగబోయేదాన్ని చెప్పే ప్రత్యయం, ‘లో’ మన ‘అని’, ‘ప్యోదె’ చెప్పాడు. ఒక్క ముక్క కూడా చోటు మారలేదు. అంతటితో ఆగలేదు. మనం ‘వాన పడుతుందని రాలేదు’ అన్నప్పుడు ‘అని’కి కారణం చెప్పే పని కూడా ఇస్తాం కదా, బర్మావాళ్ళు తమ ‘లో’కు సరిగ్గా ఆ పనే ఇచ్చారు. ఇది మొదట చదివిన రోజు నేను పుస్తకం మూసి కాసేపు అలాగే ఉండిపోయాను.

లెక్కపెట్టడం చూడండి. మనం ‘ఇద్దరు మనుషులు’ అంటాం, ‘రెండు కుక్కలు’ అంటాం. ‘రెండు మనుషులు’ అంటే చిన్నపిల్లలు కూడా దిద్దుతారు. పదిమంది అన్నప్పుడు ఆ ‘మంది’ మనుషులకే వస్తుంది. గుజరాతీలో ‘బే మాణస్’, ‘బే కూతరా’. మనిషికైనా కుక్కకైనా ‘బే’ ఒకటే. బర్మాలో మనుషులిద్దరైతే ‘లూ హ్నయౌక్’, కుక్కలు రెండైతే ‘ఖ్వే హ్నకౌన్’. ‘యౌక్’ మనుషుల్ని లెక్కించే ముక్క, ‘కౌన్’ జంతువుల్ని లెక్కించేది. భిక్షువులకు, పూజ్యులకు వేరే ముక్క ఉంది, అది ‘పా’. మనకున్న ఒక్క విభజనను వాళ్ళు మరింత దూరం తీసుకుపోయారు గాని, మనిషిని వస్తువుతో కలిపి లెక్కపెట్టకూడదన్న పట్టుదల రెండు చోట్లా ఒకటే. ఆ పట్టుదల గుజరాతీకి లేదు.

విశేషణ వాక్యాల దగ్గర పోటీ కొంచెం సమానమవుతుంది. ‘వచ్చిన మనిషి’ బర్మాలో ‘లాదె లూ’, అదే వరస. గుజరాతీలో సాధారణంగా ‘జే’తో మొదలుపెట్టి ‘ఎవరు వచ్చారో ఆ మనిషి’ అన్న ధోరణిలో చెబుతారు గాని, ‘ఆవేలో మాణస్’ అన్న కురచ పద్ధతి కూడా నిత్యం వాడుకలో ఉంది. మరాఠీ, గుజరాతీ, తెలుగు వంటి వేర్వేరు కుటుంబాల భాషలు శతాబ్దాలుగా కలిసి బతకడం వల్ల ఒకదాని అలవాట్లు ఒకదానికి అబ్బాయని చెప్పే భాషాశాస్త్రజ్ఞుల వాదం మనకు తెలిసిందే. ముర్రే ఎమెనో 1956లో భారతదేశాన్నంతా ఒక భాషా ప్రాంతంగా చూడాలని రాసింది ఈ దృష్టితోనే.

క్రియల జంటలు మూడు భాషలకూ ఉన్నాయి, ఒక్కొక్కటి ఒక్కో పనిముట్టుతో చేస్తుంది. మనం ‘నిండు’ను ‘నింపు’ చేస్తాం, ‘చెడు’ను ‘చెరుపు’ చేస్తాం, హల్లు మారుతుంది. గుజరాతీ అచ్చును సాగదీస్తుంది: ‘పడవుఁ’ అంటే పడడం, ‘పాడవుఁ’ అంటే పడగొట్టడం, ‘బళవుఁ’ అంటే కాలడం, ‘బాళవుఁ’ అంటే కాల్చడం. బర్మా ఊపిరి కలుపుతుంది: ‘ప్యే’ అంటే నిండడం, ‘ఫ్యే’ అంటే నింపడం, ‘చెక్’ అంటే ఉడకడం, ‘ఛెక్’ అంటే వండడం. అల్పప్రాణం దానంతట అది జరిగేది, మహాప్రాణం మనిషి పూనుకుని చేసేది. మన బడిలో అల్పప్రాణాలు, మహాప్రాణాలు అని బట్టీ పట్టిన పేర్లకు ఇంతకన్నా చక్కటి ఉదాహరణ నాకు ఎక్కడా దొరకలేదు.

ఇప్పుడు నా వాదానికి ఎదురు నిలిచేవి. ఒక మిత్రుడు, భాషాశాస్త్రం చదివినవాడు, ఇదంతా విని ఒకే ప్రశ్న అడిగాడు: క్రియను చివర పెట్టే ప్రతి భాషలోనూ ఇలాంటివే ఉంటాయి, జపనీస్‌లోనూ ‘అని’ వంటి ముక్క చివరే వస్తుంది, అలాగని జపాన్ వాళ్ళు మనవాళ్ళా? ఆ ప్రశ్నకు తలవంచక తప్పదు. బర్మా వాక్యం మన వాక్యంలా ఉండడం రక్తసంబంధం వల్ల కాదు, దాన్ని ఇరుగుపొరుగుల వల్ల వచ్చిందని నిరూపించడం కూడా నా వల్ల కాదు. నేను అనేది ఒక్కటే: నేర్చుకునేవాడికి అది నిజమైన దగ్గరతనం. సగం వాక్యం పలికేసరికి మిగతా సగం ఎటు వెళ్తుందో మనసుకు తెలిసిపోతుంది. గుజరాతీలో మాటలు తెలిసి వాక్యం తడబడిన రోజులు మా ఇంట్లో ఎన్నో గడిచాయి.

ఆ తడబాటు ఎక్కువగా లింగం దగ్గర. గుజరాతీకి మూడు లింగాలు. ఛోకరో, ఛోకరీ, ఛోకరుఁ: పిల్లవాడు, పిల్ల, బిడ్డ. గడిచిన కాలంలో క్రియ తిన్నవాడితో కాక తిన్నదానితో కలుస్తుంది. ‘మేఁ భాత్ ఖాధో’, అన్నం తిన్నాను. ‘మేఁ కేరీ ఖాధీ’, మామిడిపండు తిన్నాను. ‘మేఁ దూధ్ పీధుఁ’, పాలు తాగాను. అన్నం మగది, మామిడి ఆడది, పాలు ఏదీ కానివి. ముప్పై ఏళ్ళు సూరత్‌లో పనిచేసినా నాన్న చివరిదాకా అన్నీ ‘ఖాధుఁ’ అనే అన్నారు. ఆయన సంపాదించినదాన్ని గుజరాతీలో ‘పగార్’ అంటారు, మా ఊళ్ళోనూ జీతానికి అదే మాట. పోర్చుగీసువాళ్ళ దగ్గర పుట్టిన ఆ మాటకు మాత్రం ఆయన ఎప్పుడూ తడుముకోలేదు.

బర్మాలో నామవాచకానికి లింగమే లేదు. కానీ మాట్లాడేవాళ్ళకు ఉంది. అమ్మమ్మ గారు చెప్పిన వాక్యాన్ని ఆవిడ వెంటే ‘చమ’ అని మొదలుపెట్టి వల్లించబోతే నన్ను ఆపేశారు. “నువ్వలా అనకూడదు బాబూ, అది ఆడోళ్ళ మాట. నువ్వు చనో అనాల.” నేను అనడానికి మగవాడికి ఒక మాట, ఆడవాళ్ళకు ఒక మాట. మగవాడి ‘చనో’కు మూలార్థం రాజుగారి బంటు అని. మర్యాదగా మీరు అనడానికి కూడా మగవాడు ‘ఖమ్యా’ అంటాడు, స్త్రీ ‘షిన్’ అంటుంది. ఇక క్రియకు ‘వచ్చాను, వచ్చావు, వచ్చాడు’ అన్న తేడా బర్మాలో లేనే లేదు. ఇది మనకు పెద్ద లోటుగా అనిపిస్తుంది, ఈ విషయంలో గుజరాతీ మనకు దగ్గర. నా వాక్యపు పోలిక అన్నిచోట్లా చెల్లదని ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు.

గుండ్రని అక్షరాల నమ్మకం

అమ్మమ్మ గారి ఇనప్పెట్టెలో రంగం నాటి గుర్తింపు కాగితం ఒకటి ఉంది, నాలుగు మడతల్లో చిరగడానికి సిద్ధంగా. మా అమ్మాయి దాన్ని విప్పి చూసి, “నాన్నా, ఇది తెలుగా, కన్నడమా? నాకెందుకు రావట్లేదు?” అని అడిగింది. అదే అమ్మాయి సూరత్‌లో దుకాణాల బోర్డులను హిందీ సాయంతో కూడబలుక్కుని చదివేస్తుంది, కానీ అవి తెలుగని ఎన్నడూ పొరబడలేదు. దక్షిణాది బ్రాహ్మి సముద్రం దాటి అక్కడి పాత జాతులైన ప్యూలకు, మోన్‌లకు, వాళ్ళ ద్వారా బర్మావాళ్ళకు చేరింది. తాటాకు మీద గంటంతో రాసిన చెయ్యి అక్కడా ఇక్కడా గీతల్ని గుండ్రం చేసింది. బర్మా పాత రాజధాని పగాన్‌లో పన్నెండో శతాబ్దం మొదట్లో ‘రాజకుమారుడు’ అనే పేరుగల రాజు కొడుకు నిలిపిన మ్యజెది శాసనం నాలుగు ముఖాల మీద పాళీ, ప్యూ, మోన్, బర్మా భాషల్లో ఒకే విషయం చెబుతుంది. అంతరించిపోయిన ప్యూ భాషను పండితులు చదవగలిగింది ఆ రాయి వల్లనే. గుజరాతీ లిపి దారి వేరు. దేవనాగరి తలకట్టు గీతను వదిలేసి, వేగంగా లెక్కలు రాసుకునే వ్యాపారుల చేతిలో పెరిగింది. పంతొమ్మిదో శతాబ్దం దాకా దాన్ని శరాఫీ, మహాజనీ లిపి అని పిలిచేవారు.

ఇక్కడ కూడా కంటిని నమ్మితే మోసపోతాం. బర్మా అక్షరమాలలో మనలాగే క ఖ గ ఘ ఙ వరస ఉంది, ట వర్గం ఉంది, ళ కూడా ఉంది. నోట్లో మాత్రం ట, త ఒకటే, ళ, ల ఒకటే, గ, ఘ ఒకటే. అందుకే పిల్లలు వాటిని ‘గ ఙే’, ‘గ జీ’ అని, చిన్న గ, పెద్ద ఘ అని పేర్లు పెట్టి నేర్చుకుంటారు, మనం ఱ ను బండి ఱ అన్నట్టు. ర అని రాసి య అంటారు. 1755లో అలౌంగ్‌పయా రాజు రంగూన్‌కు పెట్టిన ‘రన్‌కున్’ అనే పేరు, శత్రుత్వం ముగిసిందని అర్థం, నోట్లో ‘యాంగోన్’ అవుతుంది. మన ‘రంగం’ ఆ పాత రకారాన్ని పట్టుకుని ఉంది. గుజరాతీ మాత్రం ట, త తేడాను, ళ, ల తేడాను మనంత శ్రద్ధగా పలుకుతుంది. కంటికి బర్మా దగ్గర, చెవికి గుజరాతీ దగ్గర.

రాతకూ మాటకూ మధ్య దూరం గురించి ఒక్కమాట. బర్మాలో మాట్లాడేటప్పుడు ‘దె’తో ముగిసే వాక్యం, గంభీరంగా రాసేటప్పుడు ‘తి’తో ముగుస్తుంది, సర్వనామాలు, ప్రత్యయాలు కూడా మారిపోతాయి. గిడుగు రామమూర్తి ఎవరితో, ఎందుకు పోరాడారో తెలిసిన మనకు అది వివరించనక్కర లేదు. బర్మాలో ఆ రాతభాష ఈనాటికీ పాఠ్యపుస్తకాల్లో నిలిచే ఉంది. సూరత్‌కు చెందిన కవి నర్మద్ ఒంటిచేత్తో నిఘంటువు కట్టి 1873లో అచ్చువేసిన భాషకు అంతటి గ్రాంథికపు గోడ అడ్డు రాలేదు.

మేము, మనం

ఈ రెండు భాషలూ నా కాగితం మీదనే మొదటిసారి కలుసుకోలేదు. రంగూన్‌లో సూర్తీ బడా బజార్ ఉండేది, సూరత్ వర్తకులది. గాంధీ మిత్రుడు ప్రాణ్‌జీవన్ మెహతా నగల వ్యాపారం చేసుకుంటూ ఉన్నది ఆ ఊళ్ళోనే. 1909లో లండన్‌లో గాంధీ ఆయనతో జరిపిన చర్చలే హింద్ స్వరాజ్ అయ్యాయి. 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి మించి భారతీయులు. గుజరాతీలు దుకాణాల్లో, మనవాళ్ళు రేవులో, మిల్లుల్లో. అమ్మమ్మ గారి తండ్రి రేవు కూలీ. పండక్కి గుడ్డలు కొనేది సూరతీ వాళ్ళ కొట్లో అని, బేరం మాత్రం బర్మా భాషలో జరిగేదని ఆవిడ చెబుతారు.

గుజరాతీ మన మనసుకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది ఒక సర్వనామం దగ్గర. ‘అమే’ అంటే మేము, ‘ఆపణే’ అంటే మనం. ఎదుటివాణ్ణి కలుపుకున్నామా లేదా అన్న తేడా హిందీలో లేదు, ఇంగ్లీషులో లేదు. తెలుగులో ఉంది, గుజరాతీలో ఉంది. ద్రావిడ భాషల సహవాసం వల్లనే అది గుజరాతీకి, మరాఠీకి వచ్చి ఉంటుందని చాలామంది పండితుల అభిప్రాయం. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వచ్చినప్పుడు, వలస వచ్చినవాళ్ళంతా మూటలు సర్దుకుని స్టేషనుకు పరుగెత్తుతుంటే, పక్కింటావిడ మా గుమ్మంలో నిలబడి అమ్మతో “ఆపణే క్యాఁ జఈశుఁ?” అంది. మనం ఎక్కడికి పోతాం అని. ఆవిడ ‘అమే’ అని ఉంటే అది ఆవిడ కుటుంబం సంగతి. ‘ఆపణే’ అంది కాబట్టి అమ్మ మూట విప్పేసింది. ఆ మాటను అమ్మ ఇప్పటికీ గుజరాతీలోనే చెబుతుంది, తెలుగులోకి మార్చదు.

బర్మా భాషలో ఆ తేడా లేదు. ‘దో’ అంటే మేమూ, మనమూ. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ మధ్య మొదలైన గొడవలు ఊరంతా పాకి ఎంతోమంది చనిపోయారు. ఆ ఏడాదే ‘దో బమా’ అన్న పేరుతో బర్మా జాతీయవాదుల సంఘం పుట్టింది. బ్రిటిషు వాళ్ళతో చెయ్యి కలిపిన బర్మావాళ్ళను ఆ సంఘం వాళ్ళు ‘తూదో బమా’, వాళ్ళ బర్మన్లు, అన్నారు. దో బమా అంటే మనం బర్మన్లమా, మేము బర్మన్లమా? బర్మా భాష ఆ ప్రశ్న వెయ్యదు. ఆ రేవులోని తెలుగు కూలీకి మాత్రం ఆ ఒక్క ప్రశ్నకే జవాబు కావాలి.

క్రిందటి నెల విశాఖ వెళ్ళినప్పుడు మా అమ్మాయి నోటుపుస్తకంలో మూడు గళ్ళు గీసి మాటలు రాసుకుంటోంది. ‘మేము’ వరసలో అమే, దో రాసింది. ‘మనం’ వరసలో ఆపణే రాసి, బర్మా గడి దగ్గర ఆగి అమ్మమ్మ గారిని అడిగింది. ఆవిడ కొంతసేపు ఆలోచించి, “దీనికీ దో యే అమ్మా” అన్నారు. “మరి మీ పక్కింటి బర్మా ఆవిడ దో అంటే మీరు కూడా అందులో ఉన్నారో లేదో ఎలా తెలిసేది?” అని అది అడిగింది.

“కొన్నాళ్ళు ఉండేవాళ్ళం” అన్నారు అమ్మమ్మ గారు. అమ్మాయి ఆ గడిలో కూడా దో అని రాసుకుంది.